వీసా అక్కర్లేదు సరే, ఉండనిస్తారా?

2024 జూన్ 29 రాత్రి మీరెక్కడున్నారో గుర్తుండే ఉంటుంది. టీ20 వరల్డ్ కప్ ఫైనల్. దక్షిణాఫ్రికా మీద ఏడు పరుగుల తేడాతో మనోళ్లు కప్పు కొట్టారు. ఆ మ్యాచ్ జరిగింది బార్బడోస్ దేశంలో, బ్రిడ్జ్‌టౌన్‌లోని కెన్సింగ్టన్ ఓవల్ మైదానంలో. ఆ తర్వాత జరిగింది కూడా గుర్తు చేసుకోండి. కప్పు చేతిలో ఉన్నా టీమ్ వెంటనే ఇంటికి రాలేకపోయింది. బెరిల్ హరికేన్ వస్తోందని విమానాశ్రయం మూసేశారు. ప్రపంచ చాంపియన్లు కూడా హోటల్ గదుల్లో కూర్చోవాల్సి వచ్చింది.

మనలో చాలామందికి కరీబియన్ అంటే రెండే: క్రికెట్, బీచ్. ఈ మధ్య మూడోది చేరింది. "అక్కడికి వీసా అక్కర్లేదంట!" ఇన్‌స్టా రీల్స్ పుణ్యమా అని ఈ మాట కాజీపేట చాయ్ హోటల్ దాకా వచ్చేసింది. వీసా అక్కర్లేదు కాబట్టి పోవచ్చు, పోయి నచ్చితే అక్కడే ఉండిపోవచ్చు అనేది చాలామంది లెక్క.

నేను పోయి వచ్చాను. 35 రోజులు, మూడు దేశాలు. బీచ్ రిసార్ట్ కోసం కాదు, ఉండటానికి ఒక ఊరు దొరుకుతుందేమో చూద్దామని. ఈ వారం కాలమ్ ఆ లెక్కే.

సెటిల్ అనే మాట

మన దగ్గర పెళ్లికి పోయినా, దశదినకర్మకు పోయినా ఒకటే ప్రశ్న. "ఏం బిడ్డా, సెటిలయినవా?" ఆ ఒక్క మాటలో ఉద్యోగం, సొంతిల్లు, పెళ్లి, ఈఎంఐ అన్నీ ఉంటాయి. నాకు 29 ఏళ్లు. వీడియో ఎడిటింగ్ పని. లాప్‌టాప్, నెట్ ఉంటే ఎక్కడైనా చేయొచ్చు. హైదరాబాద్‌లో అద్దె నా జీతం కంటే ఫాస్ట్‌గా పెరుగుతుంటే గది ఖాళీ చేసి హన్మకొండ వచ్చేశాను. వచ్చాక ఇంకో ఆలోచన. ఎక్కడైనా పనిచేయగలిగినప్పుడు, ఆ 'ఎక్కడైనా' అనేది ఎక్కడ?

గోవా చూశాను, పాండిచ్చేరి చూశాను. చౌకగా తిరగడం, ఒక్కో ఊళ్లో కనీసం వారం ఉండటం, టూరిస్టులా కాకుండా కిరాయిదారులా చూడటం నా పద్ధతి. కూరగాయల మార్కెట్‌కు పోతాను. కటింగ్ షాపులో కూర్చుంటాను. రాత్రి తొమ్మిదింటికి బస్సు దొరుకుతుందో లేదో చూస్తాను. ఊరు ఎలా ఉంటుందో బీచ్ చెప్పదు, రాత్రి తొమ్మిదింటి బస్టాప్ చెబుతుంది.

కరీబియన్ నా లిస్టులోకి రావడానికి కారణం ఒక్కటే. బార్బడోస్, ట్రినిడాడ్ అండ్ టొబాగో, సెయింట్ విన్సెంట్, డొమినికా, గ్రెనడా, జమైకా... ఇవన్నీ భారత పాస్‌పోర్ట్ ఉన్న టూరిస్టును ముందస్తు వీసా లేకుండా రానిచ్చే దేశాలు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు ఆయా దేశాల అధికారిక సైట్‌లో చూసుకోవాల్సిందే. ఒక చిన్న హెచ్చరిక: డొమినికా వేరు, డొమినికన్ రిపబ్లిక్ వేరు. పేరు చూసి బుక్ చేయకండి.

దేశానికి వీసా లేదు, దారికి ఉంది

మన దగ్గర నుంచి కరీబియన్‌కు నేరుగా విమానం లేదు. మామునూరు విమానాశ్రయం సంగతి తర్వాత, శంషాబాద్ నుంచి కూడా ఎక్కడో ఒకచోట మారాల్సిందే. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

అమెరికా మీదుగా పోవాలంటే, మయామిలో రెండు గంటలు ఆగి ఇంకో విమానం ఎక్కాలన్నా అమెరికా వీసా కావాలి. అక్కడ వీసా లేకుండా విమానం మారే పద్ధతే లేదు. లండన్ మీదుగా అయితే మనకు ట్రాన్సిట్ వీసా కావాలి. అమెరికా, కెనడా లాంటి కొన్ని దేశాల వీసా ఉన్నవాళ్లకు మినహాయింపులు ఉన్నాయి. అంటే 'వీసా అక్కర్లేని' దేశానికి పోవడానికి, మనం ఉండని దేశం వీసా అడగాలి.

నేను లండన్ దారి పట్టాను. ట్రాన్సిట్ వీసా తీసుకున్నాను. లండన్ నుంచి బార్బడోస్‌కు నేరు విమానాలుంటాయి. హైదరాబాద్ నుంచి రానూపోనూ టికెట్ 1 లక్షా 55 వేలు పడింది. లక్ష దాటకుండా ఈ టికెట్ దొరకడం కష్టమే.

బ్రిడ్జ్‌టౌన్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసర్ అడిగినవి మూడు. ఎక్కడ ఉంటావు? డబ్బులెన్ని ఉన్నాయి? తిరుగు టికెట్ ఏది? గది బుకింగ్, బ్యాంక్ స్టేట్‌మెంట్, టికెట్ ప్రింట్ ముగ్గురికీ చూపించాను; అంటే మూడు దేశాల్లోనూ. అంతటా అవే మూడు ప్రశ్నలు. మూడోది మాత్రం గుర్తుపెట్టుకోండి. తిరుగు టికెట్ దగ్గరికి మళ్లీ వద్దాం, దానికి పెద్ద చరిత్రే ఉంది.

బార్బడోస్: అందం ఉంది, ధర కూడా ఉంది

దేశం మొత్తం 430 చదరపు కిలోమీటర్లు. దాదాపు మన గ్రేటర్ వరంగల్ అంత. జనం సుమారు 2 లక్షల 80 వేలు. మన సిటీ 2011 లెక్కల్లోనే 8 లక్షలు దాటింది. ఇంత చిన్న దేశం నుంచే గ్యారీ సోబర్స్, మాల్కం మార్షల్, జోయెల్ గార్నర్ వచ్చారంటే నమ్మబుద్ధి కాదు.

బస్సులు మూడు రకాలు. నీలం రంగువి సర్కారు బస్సులు, పసుపువి ప్రైవేటు, తెల్లవి చిన్న వ్యాన్లు. ఆ తెల్ల వ్యాన్లలో పాటల మోత చూస్తే మన షేర్ ఆటోలే నయం అనిపించింది. ఎంత దూరం పోయినా ఒకే టికెట్, మూడున్నర బార్బడోస్ డాలర్లు. అక్కడి రెండు డాలర్లు ఒక అమెరికా డాలర్‌తో సమానం. అమెరికా డాలర్‌ను 88 రూపాయలుగా లెక్కేస్తే ఒక్క బస్సు టికెట్ 154 రూపాయలు. అక్కడి చౌక ప్రయాణం ఇది! అయినా టాక్సీ జోలికి పోకుండా ఈ బస్సుల్లో తిరిగితే దీవి మొత్తం చూడొచ్చు.

తిండి ఖర్చే ఎక్కువ కొడుతుంది. చిన్న దీవులు కదా, తినేదాంట్లో ఎక్కువ భాగం ఓడలో రావాలి. సూపర్ మార్కెట్‌లో ఉల్లిగడ్డల ధర చూసి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. గది రోజుకు 45 డాలర్లు, వంటగది నలుగురితో కలిసి వాడుకోవాలి.

ఆ వంటగదిలోనే తెలుగు వినబడింది. కరీంనగర్ వైపు పిల్లలు ఇద్దరు, అక్కడ మెడిసిన్ చదువుతున్నారు. టమాటా పప్పు చేస్తున్నారు. "ఇక్కడ్నే సెటిలయితరా?" అని అడిగాను, మన అలవాటు పోతుందా! ఆ అమ్మాయి నవ్వింది. "లేదన్నా, ఇది స్టాప్ మాత్రమే. అమెరికా పరీక్ష రాసి రెసిడెన్సీ కొట్టాలె. కాకపోతే ఇంటికొచ్చి మళ్లా పరీక్ష రాయాలె. ఇక్కడ ఉండనీకి మాకు కాగితం ఏదన్నా?" వాళ్లకు ఆ దీవి ఒక వెయిటింగ్ హాల్.

మరి నాలాంటి లాప్‌టాప్ గాళ్లకు కాగితం ఉందా? ఉంది. 2020 జులైలో, కరోనా టైంలో, బార్బడోస్ 'వెల్కమ్ స్టాంప్' అని ఒక వీసా తెచ్చింది. పన్నెండు నెలలు అక్కడ ఉండి, వేరే దేశం కంపెనీకి పనిచేసుకోవచ్చు. షరతు? ఏడాదికి 50 వేల అమెరికా డాలర్ల ఆదాయం. అంటే 44 లక్షల రూపాయలు. ఫీజు 2 వేల డాలర్లు, 1 లక్షా 76 వేలు. ఇంత కట్టినా అక్కడి కంపెనీలో ఉద్యోగం చేయకూడదు. ఉండనిస్తారు, కలవనివ్వరు.

ఇంకో లెక్క ఎవరూ చెప్పరు. బార్బడోస్ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. హైదరాబాద్ ఆఫీసు పొద్దున తొమ్మిదిన్నరకు మొదలైతే అక్కడ అర్ధరాత్రి. తొమ్మిది గంటల డ్యూటీ అయ్యేసరికి అక్కడ తెల్లారి తొమ్మిది అవుతుంది. రాత్రంతా పని, పగలంతా నిద్ర. సముద్రం కిటికీలోంచి చూడొచ్చు, మెలకువ ఉంటే.

సెయింట్ విన్సెంట్: మద్రాసు ఓడ చేరిన చోటు

బార్బడోస్ నుంచి సెయింట్ విన్సెంట్‌కు విమానంలో గంట కూడా పట్టదు. కానీ దీవుల మధ్య టికెట్లు మండిపోతుంటాయి. పన్నులు కలిపితే ఒక్కో హాప్ 150 డాలర్ల దగ్గర తేలింది. మూడు దేశాల మధ్య తిరగడానికే నాకు 40 వేల రూపాయలు పోయాయి. అందుకే చెప్తున్నా, కరీబియన్‌లో చౌకగా తిరగాలంటే ఎక్కువ దీవులు చూడాలన్న ఆశ వదులుకోవాలి. ఒకచోట ఎక్కువ రోజులుండాలి.

సెయింట్ విన్సెంట్ అండ్ గ్రెనడీన్స్ జనాభా దాదాపు లక్షా పది వేలు. రాజధాని కింగ్స్‌టౌన్ మన జనగామలా నడిచి తిరిగే ఊరు. పచ్చటి కొండలు, నల్లటి ఇసుక, రోడ్డు పక్కన అరటి తోటలు. నాకు బాగా నచ్చింది.

అక్కడికి నేను పోవడానికి కారణం ఒక ఓడ. పేరు 'ట్రావన్‌కోర్'. మద్రాసులో బయల్దేరి 1861 జూన్ 1న సెయింట్ విన్సెంట్ చేరింది. ఆ దీవికి వచ్చిన మొదటి భారతీయులు వీళ్లే. 1880 వరకు మొత్తం దాదాపు రెండున్నర వేల మంది వచ్చారు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనిచేయడానికి మనుషులు కావాలి. కాంట్రాక్టు మీద వేలిముద్ర వేయించుకుని మన దేశం నుంచి తీసుకుపోయారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. దిగాక మాత్రం అందరికీ ఒకటే పేరు: 'మద్రాసీ'. ఇప్పటికీ అక్కడ జూన్ 1ని భారతీయులు వచ్చిన రోజుగా జరుపుకుంటారు.

కటింగ్ షాపులో ఒక పెద్దాయన పరిచయం అయ్యాడు. ముఖం చూస్తే మన హసన్‌పర్తి మనిషే. మాట్లాడేది మాత్రం అక్కడి యాస ఇంగ్లిష్. "మా వాళ్లు మద్రాస్ నుంచి వచ్చారని మా నాయనమ్మ చెప్పేది. అది ఎక్కడుంటుందో ఆవిడకూ తెలియదు" అన్నాడు. నేను ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించాను. వేలితో సముద్రం మీద గీత గీసి, "ఇంత దూరమా?" అన్నాడు. ఆ గీత చూసుకున్నాకే నా లండన్ ఫ్లైట్ గురించి సణగడం మానేశాను.

ఉండటానికి ఎలా ఉంటుందంటే, ఆయనే చెప్పాడు. 2021 ఏప్రిల్‌లో అక్కడి లా సూఫ్రియెర్ అగ్నిపర్వతం పేలింది. దీవి ఉత్తరాన ఉన్న ఊళ్లు వేల మంది ఖాళీ చేశారు. 2024 జులై 1న బెరిల్, అదే మన టీమ్‌ను ఆపిన హరికేన్, ఈ దేశంలోని యూనియన్ ఐలండ్‌లో ఇళ్లన్నీ దాదాపు నేలమట్టం చేసింది. హరికేన్ సీజన్ అంటే జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా, ఏడాదిలో సగం. టూరిస్టుకు ఇది టికెట్ చౌకగా దొరికే కాలం. ఇల్లున్నవాడికి కప్పు వైపు చూస్తూ గడిపే కాలం.

ట్రినిడాడ్: కరివేపాకు దొరికింది

మూడో మజిలీ ట్రినిడాడ్. ఇది పెద్ద దేశం, ఆ లెక్కన. 14 లక్షల జనం, అందులో మూడో వంతుకు పైగా భారత సంతతి. ఇక్కడ నా జేబుకు కాస్త ఊపిరాడింది.

పొద్దున్నే రోడ్డు పక్కన 'డబుల్స్' తినాలి. మెత్తటి రెండు బరాల మధ్య వేడి శనగల కూర, పైన చింతపండు చట్నీ, కారం. కాగితంలో చుట్టి ఇస్తాడు. వంద రూపాయలకు అటూ ఇటూ. రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. తిరగడానికి మాక్సీ టాక్సీలు. తెల్ల వ్యాన్ మీద రంగు గీత ఉంటుంది, ఆ గీత రంగును బట్టి రూటు. తూర్పు వైపు ఎరుపు, మధ్య ట్రినిడాడ్, శాన్ ఫెర్నాండో వైపు ఆకుపచ్చ. రంగు తెలిస్తే చాలు, ఎవరినీ అడగక్కర్లేదు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి టొబాగో దీవికి ఫెర్రీలో పోయాను. నేను పోయినప్పుడు టికెట్ 50 ట్రినిడాడ్ డాలర్లు, మన 650 రూపాయలు. కరీబియన్ మొత్తంలో నాకు దొరికిన మంచి బేరం అదే.

చాగ్వానస్ మార్కెట్‌లో బెండకాయ, వంకాయ, కాకర, పొడుగు చిక్కుడు అన్నీ ఉన్నాయి. ఒకామె దగ్గర కరివేపాకు కనిపించింది. పేరేంటని అడిగాను. "కరపిలే" అంది. మద్రాసు ఓడల్లో వచ్చిన తమిళ మాట, 'కరువేప్పిలై'. భోజ్‌పురి పాటలు, ఉత్తరాది పేర్లు ఎక్కువగా వినబడే ఆ మార్కెట్‌లో ఆ ఒక్క దక్షిణాది మాట నూట యాభై ఏళ్లకు పైగా బతికింది. భాష పోయింది, పోపులోది మిగిలింది.

అక్కడికి దగ్గర్లో వాటర్‌లూ అనే ఊరుంది. సముద్రంలో ఒక గుడి. కట్టినాయన పేరు సివ్‌దాస్ సాధు, చెరకు తోటలో కూలీ. మొదట 1947లో ఒడ్డున కట్టాడు. ఆ నేల చక్కెర కంపెనీది. 1952లో దాన్ని పడగొట్టించారు, ఆయన్ను పద్నాలుగు రోజులు జైల్లో పెట్టారు. బయటికొచ్చి ఆయన ఒకటే ఆలోచించాడు. నేల మీద కట్టనివ్వరు, సముద్రం ఎవరి సొంతమూ కాదు కదా! సైకిల్ మీద రాళ్లు, బకెట్‌లో సిమెంటు మోసుకుంటూ దాదాపు పాతికేళ్లు సముద్రంలోకి దారి వేసుకుంటూ పోయి గుడి కట్టాడు. 1995లో, భారతీయులు ట్రినిడాడ్ చేరి 150 ఏళ్లయిన సందర్భంగా, దాన్ని మళ్లీ బాగుచేశారు.

నేను ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఉండటానికి చోటు వెతకడం అంటే నాకు అప్పటిదాకా అద్దె, నెట్ స్పీడ్, కూరగాయల ధర. ఈయనకు మాత్రం కాలు పెట్టిన చోటల్లా 'ఇది నీది కాదు' అనే మాటే.

తిరుగు టికెట్ కథ

ఇప్పుడు ఆ మూడో ప్రశ్న దగ్గరికి వద్దాం.

కాంట్రాక్టు కూలీలకు కూడా తిరుగు టికెట్ ఉండేది. ట్రినిడాడ్‌లో అయితే ఐదేళ్ల ఒప్పందం, మొత్తం పదేళ్లు ఉంటే ఇంటికి పోయే ఓడ ప్రయాణం. 1869 నుంచి సర్కారు ఇంకో దారి చూపింది. తిరుగు ప్రయాణం వదులుకుంటే పదెకరాల భూమి ఇస్తామంది. కూలీలు తోటల దగ్గరే ఉండిపోతే సర్కారుకు లాభం మరి. 1845 నుంచి 1917 దాకా ట్రినిడాడ్‌కు వచ్చినవాళ్లు దాదాపు 1 లక్షా 44 వేలు. ఎక్కువమంది వెనక్కి రాలేదు. వాళ్ల సెటిల్మెంట్ ఒక మార్పిడి: ఓడ టికెట్ ఇచ్చి నేల తీసుకున్నారు.

నేల దొరికితే అయిపోయిందా? ఫ్రెంచి దీవి గ్వాడలూప్ కథ చూడండి. పాండిచ్చేరి, కారైకాల్ లాంటి రేవుల నుంచి 1854 తర్వాత దాదాపు 42 వేల మంది అక్కడికి వెళ్లారు. అక్కడే పుట్టిన వాళ్ల పిల్లలకు కూడా ఓటు లేదు. ఆన్రీ సిదంబరం అనే ఆయన, పేరులోనే చిదంబరం ఉంది చూడండి, 1904లో భారత సంతతి వాళ్లను ఓటర్ల జాబితాలో చేర్చాలని మొదలుపెట్టాడు. గెలిచింది 1923లో. పంతొమ్మిదేళ్లు! అక్కడే పుట్టి, అక్కడే పెరిగిన మనుషులు 'మేం ఇక్కడి వాళ్లం' అని రాయించుకోవడానికి పట్టిన టైం అది.

ఇప్పుడు చక్రం ఎలా తిరిగిందో చూడండి. 2025 జులైలో మన ప్రధాని ట్రినిడాడ్ వెళ్లినప్పుడు, అక్కడి భారత సంతతిలో ఆరో తరం వాళ్లకు కూడా ఓసీఐ కార్డు ఇస్తామని ప్రకటించారు. ఆ కార్డుంటే మన దేశంలో ఎన్నేళ్లయినా ఉండొచ్చు. అంటే చాగ్వానస్ కుర్రాడు కావాలంటే వరంగల్ వచ్చి ఉండగలడు. వరంగల్ కుర్రాడు చాగ్వానస్‌లో ఉండాలంటే మాత్రం మూడు నెలలు దాటితే వేరే కాగితం వెతుక్కోవాలి.

ఆరు లక్షల ప్యాకేజీ

ఇదంతా ఇంత పొడుగ్గా ఎందుకు చెప్తున్నానంటే, మా గల్లీ తమ్ముడొకడు. బీటెక్ అయిపోయి రెండేళ్లు. నేను వచ్చానని తెలిసి ఇంటికొచ్చాడు. "అన్నా, అక్కడికి వీసా లేకుండనే పోవచ్చట గదా. హన్మకొండల ఒకాయన ఆరు లక్షలకు పీఆర్ ఇప్పిస్తనంటుండు. నాయిన ధర్మసాగర్ దిక్కు ప్లాటు అమ్ముతనంటుండు. ఏం జెయ్యమంటవ్?"

ఏ దేశమని అడిగాను. "ఐలండ్ అన్నడు" అన్నాడు. దేశం పేరు కూడా చెప్పకుండానే అడ్వాన్స్ అడుగుతున్నారన్నమాట.

వాడికి చెప్పిందే మీకూ చెప్తున్నా. వీసా అక్కర్లేకపోవడం అంటే టూరిస్టుగా కొన్ని రోజులు రానివ్వడం, అంతే. ఉద్యోగం చేయాలంటే వర్క్ పర్మిట్ కావాలి. అది అక్కడి యజమాని అడగాలి, ఆ పనికి స్థానికులు దొరకలేదని చూపించాలి. 2025 అక్టోబర్ 1 నుంచి బార్బడోస్, బెలీజ్, డొమినికా, సెయింట్ విన్సెంట్ దేశాల మధ్య ఎవరైనా ఎక్కడైనా ఉండి పనిచేయొచ్చు. కానీ ఆ నాలుగు దేశాల పౌరులకే.

డబ్బులిచ్చి పౌరసత్వం కొనుక్కునే దారి నిజంగానే ఉంది. సెయింట్ కిట్స్ 1984లోనే మొదలుపెట్టింది. ఇప్పుడు అక్కడ కనీసం 2 లక్షల 50 వేల డాలర్లు, డొమినికాలో 2 లక్షల డాలర్లు. అంటే 1 కోటీ 76 లక్షల నుంచి 2 కోట్ల 20 లక్షల దాకా. పైగా మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఆ పాస్‌పోర్ట్ తీసుకున్న రోజే మనది పోతుంది. ఆరు లక్షలకు ఇందులో ఏదీ రాదు.

ఆరు లక్షలకు వచ్చేది ఇంకొకటి ఉంది, అదే భయం. 2023 డిసెంబర్‌లో యూఏఈలోని ఫుజైరా నుంచి నికరాగ్వా బయల్దేరిన విమానాన్ని ఫ్రాన్స్‌లోని వాత్రీ దగ్గర ఆపేశారు. 303 మంది ప్రయాణికులు, ఎక్కువమంది మనవాళ్లే. నాలుగు రోజుల తర్వాత 276 మందిని ముంబై పంపించారు. అప్పులు తెచ్చి, భూములమ్మి, 'ముందు చిన్న దేశానికి పోయి, అక్కణ్నుంచి అమెరికా' అనే మాట నమ్మి ఎక్కినవాళ్లు ఎంతోమంది ఇలాంటి దారుల్లో ఇరుక్కుంటున్నారు.

తమ్ముడికి మూడు ప్రశ్నలు రాసిచ్చాను. ఏ దేశం? ఏ పేరుతో ఇచ్చే పర్మిట్? ఆ పర్మిట్ వివరాలు ఆ దేశ సర్కారు సైట్‌లో ఏ పేజీలో ఉన్నాయి? వీటికి జవాబు కాగితం మీద రాసి సంతకం పెట్టిస్తేనే అడ్వాన్స్ అని చెప్పమన్నాను. వారం తర్వాత ఫోన్ చేశాడు. "రాసియ్యనన్నడు అన్నా. నమ్మకం మీద పని జేస్తడట." ప్లాటు ఇంకా వాళ్ల నాయిన పేరు మీదే ఉంది.

మీ లెక్క మీరు రాసుకోండి

నా ఖర్చు ఇదీ. విమానాలు: హైదరాబాద్ నుంచి రానూపోనూ 1,55,000, దీవుల మధ్య 40,000. గదులు 1,23,000. తిండి, బస్సులు, ఫెర్రీ 46,000. ట్రాన్సిట్ వీసా, ఇన్సూరెన్స్ 18,000. మొత్తం 3,82,000. తక్కువేం కాదు. కానీ ప్లాటు అమ్మి పోయి ఇరుక్కోవడం కంటే, పొదుపు చేసి పోయి చూసి రావడం చాలా చౌక.

మరి నాకు ఊరు దొరికిందా? నచ్చిన ఊరు దొరికింది. సెయింట్ విన్సెంట్ కొండలు ఇంకా కళ్లముందే ఉన్నాయి. నా ఆదాయానికి సరిపడే ఊరు కూడా దొరికింది, చాగ్వానస్. రెండూ ఒకే ఊరు కాదు. ఏ ఊరూ నేను అక్కడ ఏళ్ల తరబడి ఉండొచ్చని రాసివ్వలేదు. ప్రస్తుతానికి హన్మకొండలో అద్దె గది, రాత్రి పదింటికి కూడా ఆటో దొరుకుతుంది, నెట్ బాగానే ఉంది. ఇది కూడా ఒక ఊరే కదా, దీన్నీ కిరాయిదారు కళ్లతో చూస్తున్నాను. వెతుకులాట మాత్రం ఆపలేదు.

మీరు కూడా ఎక్కడికైనా, కరీబియన్ అవనీ, కెనడా అవనీ, విశాఖ అవనీ, ఉండిపోదామని చూడ్డానికి పోతే నోట్స్‌లో మూడు గళ్లు గీసుకోండి. మొదటి గడిలో, ఊరు నాకు నచ్చిందా? రెండో గడిలో, నా సంపాదనతో ఇక్కడ మామూలు మంగళవారం గడుస్తుందా? మూడో గడిలో, ఇక్కడ ఉండటానికి నా పేరు మీద ఏ కాగితం వస్తుంది, ఎన్నేళ్లకు వస్తుంది? రీల్స్ మొదటి గడి మాత్రమే నింపుతాయి. రెండోది నింపడానికి చౌక ప్రయాణం, ఓపిక కావాలి. మూడోది ఖాళీగా ఉన్నంతకాలం తిరుగు టికెట్ మాత్రం క్యాన్సిల్ చేయకండి.